బోదకాలు బిళ్ల మింగాలా, పారేయాలా? భీమవరం సుబ్బారావు గారి ల్యాబ్‌లోంచి వచ్చిన మూడు మాత్రల కథ

ఈ ఎపిసోడ్‌లో మూడు మాత్రల గురించి మాట్లాడుకుందాం. ఒకటి, గర్భిణీలకి ఏఎన్ఎం గారు ఇచ్చే ఎర్ర బిళ్ల. రెండోది, ఇంటింటికీ వచ్చి మింగమని ఇచ్చే బోదకాలు బిళ్ల. మూడోది, కీళ్లవాతంతో బాధపడే అమ్మమ్మలకి డాక్టర్ వారానికి ఒక్కసారే వేసుకోమని రాసే మెథోట్రెక్సేట్. విజయవాడ సూర్యారావుపేటలో హాస్పిటల్స్ చుట్టూ తిరిగినవాళ్ళకి వీటిలో కనీసం ఒకటైనా తెలిసే ఉంటుంది. ఈ మూడింటి వెనకా ఒకే ల్యాబ్ ఉంది. ఆ ల్యాబ్‌లో రీసెర్చ్‌ని నడిపించినాయన మన భీమవరంలో పుట్టారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన మీద వాట్సాప్ ఫార్వర్డ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. ఫోటో, కింద ఓ పది కనిపెట్టినవాటి లిస్టు, చివర్లో "మన తెలుగువాడు, షేర్ చేయండి". నా బాధేంటంటే, మనం దాన్ని చదివి ఇంకో మూడు గ్రూపుల్లో వేసేస్తాం. అదే వారం ఆశా అక్క ఇంటికొచ్చి ఇచ్చిన బోదకాలు బిళ్లల్ని మాత్రం "తర్వాత వేసుకుంటాంలే" అని టీవీ మీద పెట్టి, ఆ తర్వాత చెత్తలో పడేస్తాం. ఆ బిళ్ల ఆయన ల్యాబ్‌దే అని ఆ ఫార్వర్డ్‌లో ఉన్నా కూడా! అందుకే ఇవాళ పొగడ్తలు కాస్త తగ్గించి, ఆ మాత్రలు లోపలికెళ్ళి ఏం చేస్తాయో చూద్దాం.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు.

పుట్టింది 1895 జనవరి 12న. చదువు రాజమండ్రిలో, తర్వాత మద్రాసులో. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ అవ్వలేదు. ఇది వినగానే మన సప్లీ బ్యాచ్ మొహాల్లో వెలుగొస్తుంది, తెలుసు నాకు. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామనుకున్నారట కూడా. వాళ్ళమ్మగారు మధ్యలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. అది గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. ఈయన ఆపరేషన్ గౌను కూడా ఖద్దరుదే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి ఈయన చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దాని కంటే తక్కువదైన ఎల్ఎంఎస్. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపాగి మళ్ళీ దీని దగ్గరికి వస్తాం. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. అంటే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోతాడు. ఆ తర్వాత ఈయనకీ అదే వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

1920ల మొదట్లో అమెరికా వెళ్ళారు. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ వాళ్ళ సాయం మాట, ఇవే ఆసరా. ఎల్ఎంఎస్ డిగ్రీతో అక్కడ డాక్టర్‌గా ప్రాక్టీస్ దొరకదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, రాత్రుళ్ళు హాస్పిటల్లో రోగుల బెడ్‌పాన్‌లు కడిగే పని చేశారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆవిడ వైపు నుంచి ఈ కథ ఎలా ఉంటుందో ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు, గమనించారా?

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి చేసిన పని రెండు ముక్కల్లో చెప్తాను. రక్తంలో, కండలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు, 1925లో. శాంపిల్‌లో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది, ఆ రంగు ఎంత ముదురుగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు మెథడ్ అని బయోకెమిస్ట్రీ వాళ్ళు చదువుకునేది ఇదే. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, తర్వాత 1929లో ఏటీపీ. మన భాషలో చెప్పాలంటే ఏటీపీ అంటే ఒంట్లో ప్రతి కణం వాడే ఛార్జింగ్. ఫాస్ఫోక్రియాటిన్ పక్కన పెట్టుకున్న పవర్‌బ్యాంక్. పరుగు మొదలెట్టిన మొదటి కొన్ని సెకన్లు కండ ఆ పవర్‌బ్యాంక్ మీదే నడుస్తుంది. జిమ్‌కెళ్ళేవాళ్ళు డబ్బాలు డబ్బాలు కొనే క్రియాటిన్ పౌడర్ పనిచేసేది ఈ లెక్కతోనే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే మందుల కంపెనీలో చేరి, తర్వాత అక్కడే రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. మన మూడు మాత్రలూ అక్కడివే.

మొదటిది ఎర్ర బిళ్ల. అందులో ఐరన్‌తో పాటు ఉండేది ఫోలిక్ యాసిడ్. దీని కథ బొంబాయిలో మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీల్లో ఒక రకం రక్తహీనత చూసింది. ఈస్ట్‌తో చేసే మార్మైట్ అనే చవకరకం పేస్టు తినిపిస్తే తగ్గిపోతోంది. 1931లో ఆ సంగతి అచ్చువేసింది. అందులో ఏదో ఉంది, కానీ ఆ ఏదో ఏంటి? 1941లో అమెరికాలో కొందరు టన్నులకొద్దీ పాలకూర తీసుకుని, వడగట్టి వడగట్టి చిటికెడు పదార్థం బయటికి లాగారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ అని పేరు, లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు. అలా టన్నుల ఆకుకూర ఉడకబెట్టి దేశానికి మందు ఇవ్వలేం కదా. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి 1945లో సుబ్బారావు గారి టీమ్ చూపించింది.

ఫోలిక్ యాసిడ్ ఎందుకు కావాలి? కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకి కాపీ తీసుకోవాలి. ఆ కాపీకి కావలసిన ముడిసరుకు తయారవ్వాలంటే ఫోలేట్ ఉండాలి. ఒంట్లో ఆగకుండా కాపీలు తీసే చోటు ఎముక మజ్జ, రక్తకణాలు పుట్టేది అక్కడే. ఫోలేట్ తగ్గితే ముందు దెబ్బ రక్తానికే. ఇంకో చోటు కడుపులో బిడ్డ. బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలీదు. అందుకే పిల్లలు కావాలనుకునేవాళ్ళు గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని డాక్టర్లు చెప్పేది. కొత్తగా పెళ్ళయిన ఫ్రెండ్స్ ఉంటే ఈ ఒక్క ముక్క పంపించండి, చాలు.

ఇప్పుడు స్ప్రూ దగ్గరికి వద్దాం. ఇవాళ ఎవరికైనా ట్రాపికల్ స్ప్రూ వస్తే డాక్టర్లు ఏం ఇస్తారో తెలుసా? ఫోలిక్ యాసిడ్, దాంతో పాటు టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్, కొన్ని నెలల పాటు. ఫోలిక్ యాసిడ్ సంగతి చెప్పుకున్నాం. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. అదీ లెడర్లే ల్యాబ్‌దే, ఈయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన జబ్బుకి రెండు మందులూ ఆయన ఉన్న బిల్డింగ్‌లోంచే వచ్చాయి.

రెండో మాత్ర మెథోట్రెక్సేట్. ఇది ఫోలిక్ యాసిడ్‌కి డూప్లికేట్ తాళంచెవి లాంటిది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. కణం కాపీ తీసుకోవడం ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్ని చూసేవారు. అప్పట్లో ఆ జబ్బుకి మందే లేదు. ఫోలిక్ యాసిడ్ లాంటివి ఇస్తే క్యాన్సర్ ఇంకా జోరందుకుంటోందని ఆయన గమనించారు. మరి దానికి అడ్డం పడేది ఇస్తే? లెడర్లే వాళ్ళు అలాంటి అణువులు తయారుచేసి పంపారు. వాటిలో అమినోప్టెరిన్ అనే దాన్ని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ఆ రిపోర్టు వచ్చింది. తాత్కాలికంగానే, ఆ పిల్లలకి పూర్తిగా నయం కాలేదు. కానీ మందుతో లుకేమియాని వెనక్కి నెట్టొచ్చని లోకానికి తెలిసింది. దానికి తమ్ముడు లాంటి మందే మెథోట్రెక్సేట్.

అదే మందుని చాలా తక్కువ డోసులో ఇస్తే కీళ్లవాతంలో, సోరియాసిస్‌లో పనిచేస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం సీరియస్‌గా వినండి. ఈ జబ్బులకి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకునేది కాదు. బీపీ బిళ్ల, షుగర్ బిళ్లలతో కలిపి పొరపాటున రోజూ మింగేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఇది రాస్తే, ఏ వారమో క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించండి, మీ ఫోన్లో అలారం పెట్టండి. డాక్టర్ మిగతా రోజుల్లో వేసుకోమని ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఈ రెండు బిళ్లల్ని తారుమారు చేయకండి. గర్భిణీలు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు మెథోట్రెక్సేట్ వేసుకోకూడదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. బోదకాలు.

మన డెల్టా ఊళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఈ జబ్బుని పరిచయం చేయక్కర్లేదు. ఒక కాలు మొద్దులా వాచిపోయి, చెప్పు పట్టక, పంచె కిందికి దింపి నడిచే తాతయ్యని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎందుకొస్తుంది? దారప్పోగు లాంటి సన్నటి పురుగు వల్ల. ఊచెరేరియా బ్యాంక్రాఫ్టి అని దాని పేరు. ఒంట్లో రక్తనాళాల్లాగే లింఫ్ నాళాలని ఉంటాయి, కణాల మధ్య చేరిన నీటిని మళ్ళీ రక్తంలోకి పంపే డ్రైనేజీ అనుకోండి. ఈ పురుగు ఆ డ్రైనేజీలో కాపురం పెడుతుంది. ఏళ్ళ తరబడి బతుకుతుంది. పైపులు పాడైపోతాయి, నీరు కిందికి చేరి కాలు వాస్తుంది. మగవాళ్ళలో వరిబీజం కూడా దీనివల్ల రావచ్చు.

ఒకరి నుంచి ఇంకొకరికి దోమ మోస్తుందని 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే డాక్టర్ కనిపెట్టడానికి దారి చూపారు. జబ్బు ఉన్న తన తోటమాలిని కుట్టిన దోమల్ని కోసి చూస్తే, వాటి కడుపులో ఈ పిల్ల పురుగులు పెరుగుతూ కనిపించాయి. మన దగ్గర దీన్ని మోసేది క్యూలెక్స్ దోమ. పారే కృష్ణా కాలువ నీళ్ళు దానికి పడవు. నిలిచిపోయిన మురుగు కావాలి. సైడు కాలువలు, మూతలేని సెప్టిక్ ట్యాంకులు, ఇళ్ళ వెనక గుంటలు. బందరు కాలువని తిట్టుకుంటాం గానీ, ఎక్కువసార్లు దోషం మన సందు చివర పూడిపోయిన డ్రైన్‌ది.

ఇందులో నాకు బాగా నచ్చిన, అంటే భయంతో కూడిన నచ్చడం అనుకోండి, ఒక విషయం ఉంది. పిల్ల పురుగులకి టైమ్‌టేబుల్ ఉంటుంది. పగలంతా ఊపిరితిత్తుల దగ్గరి నాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ కుట్టేదీ ఆ వేళకే. అందుకే ఫైలేరియా సర్వే వాళ్ళు రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసేది. "పగలు రావచ్చుగా, ఈ టైములో ఏంటి" అని విసుక్కుంటాం. పగలు తీస్తే ఆ చుక్కలో పురుగు కనిపించకపోవచ్చు.

మందు ఎలా వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులు వేలమంది ఈ జబ్బు తెచ్చుకున్నారు. అప్పుడు అమెరికాకి దీని మీద శ్రద్ధ పుట్టింది. మన తాతలు శతాబ్దాలుగా మోసిన జబ్బే, కానీ కదలిక వచ్చింది వాళ్ళ సైనికుల కాళ్ళు వాచినప్పుడు. చేదుగా ఉన్నా నిజం అదే. లెడర్లేలో హెవిట్, సుబ్బారావు గారు, ఇంకా కొందరు కలిసి, పత్తి ఎలుకలు అనే జాతి ఎలుకల్లో ఉండే ఇలాంటి పురుగు మీద ఒక్కో రసాయనం పరీక్షిస్తూ పోయారు. అలా 1947లో డైఇథైల్‌కార్బమజైన్ బయటికొచ్చింది. పొట్టిగా డీఈసీ, కంపెనీ పేరు హెట్రజాన్. మన ఇంటికొచ్చే బోదకాలు బిళ్ల ఇదే. దీంతో పాటు నులిపురుగుల బిళ్ల ఆల్బెండజోల్ కూడా ఇస్తారు.

డీఈసీ రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని చంపుతుంది. పెద్ద పురుగుల్లో కొన్నిటినే చంపుతుంది. మిగిలినవి మళ్ళీ పిల్లల్ని పెడతాయి. అందుకే ఏడాదికోసారి, వరసగా కొన్నేళ్ళు మింగాలి, ఆ పెద్ద పురుగుల ఆయుష్షు తీరేదాకా. ఊళ్ళో ఎక్కువమంది రక్తం శుభ్రంగా ఉంటే దోమకి మోయడానికి ఏమీ దొరకదు. కనీసం మొత్తం జనాభాలో 65 శాతం మంది మింగితేనే ఈ లెక్క పనిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనదేశంలో ఈ ఇంటింటి పంపిణీ 2004 నుంచి పెద్ద ఎత్తున నడిచింది.

"నాకు కాలు బాగానే ఉందిగా, నేనెందుకు మింగాలి?" అందరూ అడిగేది ఇదే. పురుగు లోపలున్నా ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కాలు వాచేనాటికి పైపులు పాడైపోయి ఉంటాయి, అప్పుడు ఈ బిళ్ల వాపుని పోగొట్టలేదు. కాబట్టి ఇది కాలు బాగున్నవాళ్ళ బిళ్లే.

"మా పిన్ని వేసుకుంటే జ్వరం, తలనొప్పి వచ్చాయి" అని రెండో భయం. చాలామందికి ఏమీ అవ్వదు. కొందరికి జ్వరం, తల తిరగడం, వాంతి రావచ్చు. రక్తంలో పిల్ల పురుగులు ఎక్కువున్నవాళ్ళకి అవన్నీ ఒక్కసారిగా చస్తాయి కాబట్టి ఒళ్ళు ఇలా స్పందిస్తుంది. అంటే పిన్నిగారికి ఆ బిళ్ల అవసరమే ఉందన్నమాట. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది, ఎక్కువైతే పీహెచ్‌సీకి వెళ్ళాలి.

ఖాళీ కడుపుతో వద్దు, అన్నం తిన్నాక, ఇచ్చినావిడ ముందే మింగేయండి. 15 ఏళ్ళు దాటినవాళ్ళకి 100 మిల్లీగ్రాముల డీఈసీ బిళ్లలు మూడు, 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళకి రెండు, 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి ఒకటి. రెండేళ్ళ లోపు పసివాళ్ళకి, గర్భిణీలకి, మంచం పట్టినంత జబ్బుతో ఉన్నవాళ్ళకి ఇవ్వరు.

ఇప్పటికే కాలు వాచినవాళ్ళ సంగతేంటి? రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తాలి. చిన్న పుండు కూడా వదిలేయకూడదు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. పదే పదే వచ్చే జ్వరాలు, ఎర్రబడటం ఇలా చాలా తగ్గుతాయి, వాపు ముదరదు. వరిబీజానికైతే ఆపరేషన్ ఉంది, పోతుంది. సిగ్గుపడి దాచుకునే బాబాయిలకి ఇంట్లో కుర్రాళ్ళే చెప్పాలి.

ఇక ఆ ఫార్వర్డ్‌లో లెక్కలు కాస్త సరిచేద్దాం. ఆరియోమైసిన్‌ని మట్టిలోంచి పట్టింది బెంజమిన్ డగ్గర్, 70 ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త. సుబ్బారావు గారు ఆ రీసెర్చ్ మొత్తానికీ డైరెక్టర్. ఏటీపీని అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నారు. ఫోలిక్ యాసిడ్, డీఈసీ పేపర్ల మీద బారెడు పేర్లున్నాయి. "అన్నీ ఒక్కడే కనిపెట్టాడు" అంటే ఆయన గొప్పతనం పెరగదు. ఏ జబ్బుని పట్టుకోవాలి, ఏ అణువు వెనక పడాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి అని తేల్చడమే ఆయన పని, నా దృష్టిలో అదే కష్టమైన పని. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నోబెల్ ఎందుకు రాలేదని అడుగుతారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలోనే పోయారు. ఫార్బర్ రిపోర్టు అచ్చయి అప్పటికి రెండు నెలలు. పోయినవాళ్ళకి నోబెల్ ఇవ్వరు. మన తపాలా శాఖ 1995లో స్టాంపు వేసింది.

మీ వార్డులో బిళ్లల పంపిణీ ఇప్పుడు ఉందో లేదో సచివాలయంలో ఏఎన్ఎం గారిని అడగండి. కొన్ని రౌండ్లు అయ్యాక చిన్న పిల్లల రక్తం పరీక్షించి, జబ్బు పాకడం ఆగిందని తేలిన చోట పంపిణీ ఆపేస్తారు. ఆపకపోతే మాత్రం ఈసారి టీవీ మీద పెట్టకండి.

వచ్చే ఎపిసోడ్‌లో సికింద్రాబాద్ వెళ్దాం. 1897 ఆగస్టు 20న అక్కడ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియాని ఎలా పట్టుకున్నారో చెప్తాను. ఆయనకి ఆ దారి చూపించింది కూడా ఇందాక చెప్పిన ప్యాట్రిక్ మ్యాన్సనే.